లోపలి జేబు కుట్టిన మాస్టారు

మాస్టారు పోయారని ఆయన పెద్దబ్బాయి ఫోన్ చేసినప్పుడు నేను గుడివాడలో నా షాపులో ఎవరిదో పెళ్ళి షేర్వానీకి కాలరు కత్తిరిస్తున్నాను. "అన్నా, నాన్న పొద్దున పోయారు. స్నానానికి నువ్వు రావాలి, నీ పేరే చెప్పారు" అన్నాడు. కత్తెర పక్కన పడేసి షట్టరు దించుతుంటే పక్కనున్న మందుల షాపాయన ఏమైందని అడిగాడు. ఎదురు టిఫిన్ సెంటరామె అడిగింది. జాకెట్లివ్వడానికొచ్చిన టీచరుగారూ అడిగారు. అందరికీ "వయసండీ, పెద్దాయన కదా" అని చెప్పేశాను. బందరు బస్సులో కూర్చున్నాక నా మాట మీద నాకే రోత పుట్టింది. ఆయనకొచ్చింది మూత్రాశయం క్యాన్సరు. దాంతోపాటు ప్రోస్టేట్ క్యాన్సరు కూడా. ఆ రెండూ వచ్చాక కూడా పొట్ట మీద సంచి పెట్టుకుని ఆరేళ్ళ దాకా బతికారు. అంత గట్టి మనిషి గురించి మందులమ్ముకునేవాడికి కూడా నిజం చెప్పలేకపోయాను. ఉచ్చ పోసుకునే చోటికి సంబంధించిన జబ్బంటే మా మగవాళ్ళ నోళ్ళు అట్లా పడిపోతాయి.

ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను. ఆయన బతికుండగా తన నోటితో తాను చెప్పుకున్న సంగతులే మీకు చెప్తాను.

మాది దివిసీమలో కోడూరు దగ్గర పల్లె. మీసాలు రాకముందే మా నాన్న నన్ను మచిలీపట్నం తీసుకొచ్చి, కోనేరు సెంటర్ దగ్గర సందులో ఉన్న మాస్టారి టైలరు షాపులో అప్పగించాడు. మాస్టారూ నేనూ ఇద్దరం ముస్లిములమే. ఇంట్లో ఉర్దూ, షాపులో తెలుగు. నాకు ఏడాదిపాటు కాజాలు, గుండీలే. కత్తెర ముట్టుకోనిచ్చేవారు కాదు. కోపం వస్తే చెయ్యి ఎత్తేవారు గానీ దించేవారు కాదు. ఆ చేతిని అట్లాగే తీసుకెళ్ళి టోపీ సర్దుకునేవారు.

మా డెల్టాలో వరిబీజం ఉన్న రైతులు తక్కువేం కాదు. వాళ్ళకి ప్యాంటు కుట్టించుకోవాలంటే ప్రాణం మీదికొచ్చినట్టుండేది. ఎక్కడికక్కడ బిగుసుకుపోతుంది, నలుగురికీ తెలిసిపోతుంది. మాస్టారు వాళ్ళని లోపలికి తీసుకెళ్ళి, వాతావరణం సంగతో వడ్ల ధరో మాట్లాడుతూ కొలత తీసేసేవారు. లోపల ఒక మడత ఎక్కువ వదిలి కుడితే బయటికి ఏమీ తెలిసేది కాదు. "కొలత తీసేటప్పుడు టేపు చూడరా, మనిషి మొహం చూడకు" అనేవారు నాతో. "వాడి కొలత మన గడప దాటిందంటే వాడిని బజార్లో బట్టలిప్పి నిలబెట్టినట్టే." ఊళ్ళో సగంమంది మగాళ్ళ గుట్టు ఆ టేపుకి తెలుసు. ఆయన చచ్చినా చెప్పేవారు కాదు.

ఇంతమంది సిగ్గుని దాచిన మనిషి తన దగ్గరికొచ్చేసరికి మాత్రం దాచకూడనిదే దాచారు.

నేను గుడివాడలో సొంత షాపు పెట్టుకున్నాక కూడా లైనింగు గుడ్డలకీ జిప్పులకీ బందరు వచ్చినప్పుడల్లా ఆయన దగ్గర ఓ గంట కూర్చునేవాణ్ణి. ఆయన ఎప్పుడూ తెల్ల పైజమాలోనే ఉండేవారు. ఒకసారి వెళ్తే ముదురు గళ్ళ లుంగీ కట్టుకుని మెషీను ముందు కూర్చున్నారు. బట్టల పని చేసేవాణ్ణి, చూడగానే పట్టుకున్నాను.

"ఏంటి మాస్టారూ, లుంగీలోకి దిగారు?"

"ఎండలు కదరా."

"చలికాలంలో ఎండలేంటండీ?"

"నీ జిప్పులు నువ్వు తీసుకుని పో" అన్నారు.

మాస్టారి భార్యని నేను ఖాలా అంటాను, అంటే పిన్ని. ఆవిడ నన్ను వంటింటి వాకిట్లోకి పిలిచి, "బాత్రూంలోకి వెళ్తే బకెట్లకి బకెట్లు నీళ్ళు కుమ్మరిస్తున్నారు. తలుపు కొట్టినా తియ్యరు" అంది. ఉచ్చలో రక్తం పడుతోందని తెలియడానికి ఇంకా కొన్నాళ్ళు పట్టింది. నొప్పి లేదు కదా, అదే పోతుందిలే అనుకున్నారట. తెల్ల పైజమా మీద మరక పడితే ఖాలా చూస్తుందని లుంగీలోకి మారారు. బెజవాడ ఆసుపత్రిలో చిన్న డాక్టరమ్మ, "తాతగారూ, ఎప్పట్నుంచి పడుతోంది రక్తం?" అని అడిగితే ఆయన ఆ అమ్మాయి వంక చూడకుండా నాతో ఉర్దూలో చెప్పారు. సిగరెట్ల సంగతి కూడా అడిగింది. పదహారో ఏట మొదలుపెట్టి, రంజాన్ నెలలో పగలు తప్ప ఎప్పుడూ మానలేదు. ఈ జబ్బుకి అదే పెద్ద కారణం తాతగారూ అంటే, పగలంతా మానగలిగినవాణ్ణి రాత్రి కూడా ఎందుకు మానలేదో నాకే తెలీదు అన్నారు.

కెమెరా గొట్టం పెట్టి చూసి, ముక్క తీసి పరీక్షకి పంపారు. జబ్బు మూత్రాశయం కండలోకి దిగిపోయిందని తేలింది. ముందు కీమో మందు ఎక్కిద్దామంటే కిడ్నీలు అంత బాగా లేవు. మూత్రాశయాన్ని తీసెయ్యాలి, మగవాళ్ళకైతే దాంతోపాటే ప్రోస్టేట్ గ్రంథి కూడా తీసేస్తాం, పొట్ట మీద చిన్న దారి పెట్టి సంచి తగిలిస్తాం, ఇక ఉచ్చ అందులోకే వస్తుంది అని పెద్ద డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పారు. మాస్టారు ఆ బొమ్మని తిప్పి తిప్పి చూసి, మడిచి ఆయనకే ఇచ్చేసి, "వద్దండీ" అన్నారు.

అడిగినవాళ్ళందరికీ, "డెబ్బై దాటాయి, ఇంకా కోతలెందుకు" అని చెప్పేవారు. కొడుకులు బతిమాలారు, అరిచారు. పెద్దబ్బాయి అన్నం మానేశాడు. దేనికీ లొంగలేదు. అప్పటికే మసీదుకి వెళ్ళడం కూడా మానేశారు. కమిటీవాళ్ళతో గొడవేమోనని వీధిలో అనుకున్నారు.

ఓ మధ్యాహ్నం షాపులో మేమిద్దరమే ఉన్నాం. ఆయన చొక్కా భుజానికి గుండుసూదులు పెడుతూ, తల ఎత్తకుండా అడిగారు.

"సంచి పెట్టాక ఉచ్చ మన చేతిలో ఉండదంట కదరా. ఎప్పుడూ కారుతూనే ఉంటుందంట."

"అంతేనంట మాస్టారూ."

"మరి వజూ ఎట్లా నిలుస్తుంది?"

వజూ అంటే నమాజుకి ముందు మొహం, కాళ్ళూ చేతులూ కడుక్కుని చేసుకునే శుద్ధి. ఒక్క చుక్క కారినా అది పోతుంది, మళ్ళీ చేసుకోవాలి. అప్పుడర్థమైంది నాకు. ఈయన కత్తికి భయపడట్లేదు. ఆపరేషన్ అయితే బతికినన్నాళ్ళూ నమాజుకి పనికిరానివాడైపోతానని లెక్కేసుకున్నారు. మైలమనిషిగా బతకడం కంటే శుభ్రంగా పోదామని, ఎవరినీ అడక్కుండా తనకి తానే తీర్పు చెప్పేసుకున్నారు.

"ఇమామ్ గారిని ఒక్క మాట అడుగుదామండీ" అన్నాను.

"నా పేరెత్తావంటే చూడు" అన్నారు.

మరుసటి శుక్రవారం నమాజయ్యాక నేనే వెళ్ళాను. ఇమామ్ గారు నా కొడుకు కంటే చిన్నవాడు. ఆయన ముందు కూర్చుని చెప్పులు సర్దుకున్నాను, గొంతు సవరించుకున్నాను, ఎండల గురించి మాట్లాడాను. చివరికి, "గుడివాడలో మా దూరపు చుట్టం ఒకాయన ఉన్నాడండీ" అని మొదలుపెట్టి ఎట్లాగో బయటపడేశాను. చెవులు కాలిపోతున్నాయి నాకు.

ఆయన అంతా విని, "అట్లాంటివాళ్ళని మాజూర్ అంటామండీ. తన చేతిలో లేని ఇబ్బంది ఉన్నవాడు" అన్నాడు. "ప్రతి నమాజు వేళకీ ఒకసారి వజూ చేసుకుని చదువుకోవచ్చు. మధ్యలో సంచిలోకి కారితే కారనివ్వండి, నమాజుకేం లోటు లేదు." నేను లేవబోతుంటే కాస్త నవ్వి, "మీ గుడివాడ చుట్టాన్ని తొందరగా ఆపరేషన్ చేయించుకుని ఇక్కడికే రమ్మనండి. మొదటి వరుసలో ఆయన చోటు ఖాళీగానే ఉంది" అన్నాడు.

మర్నాడు ఇదంతా మాస్టారికి చెప్తే ముందు అడిగిన ప్రశ్న, "నా పేరు చెప్పావా?"

"లేదండీ."

"మరి పొద్దున ఆయన నాకు సలాం చెప్పి, బెజవాడ ఎప్పుడు బయల్దేరుతున్నారని అడిగాడేంట్రా?"

ఆ వారంలోనే బయల్దేరారు.

ఆపరేషన్ అయింది. పదిరోజులకి రిపోర్టు వచ్చింది. తీసేసిన ప్రోస్టేట్ గ్రంథిలో ఇంకో క్యాన్సరు దొరికిందన్నారు. మొదటిది పాకింది కాదట, దానికదే వేరేదట. వరండాలో ఉన్న చుట్టాలందరూ "రెండా?" అన్నారు. ఒకటుంటేనే మనిషి మిగలడు, రెండంటే ఇక ఏముంది అని మంచం పక్కనే మొదలుపెట్టారు. ఒకావిడైతే, "ఎంత మంచి మనిషిగా ఉండేవాడు" అని ఆయన కళ్ళ ముందే ఏడ్చింది. నేను కూడా మొహం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నానే గానీ ఆవిణ్ణి ఆపలేదు.

డాక్టరుగారు వచ్చి అందర్నీ బయటికి పంపి, మాస్టారికీ పెద్దబ్బాయికీ నాకూ నిదానంగా చెప్పారు. ఈ వయసు మగవాళ్ళలో మూత్రాశయం తీసినప్పుడు ఇట్లా రెండోది దొరకడం కొత్తేం కాదు. ఇది చిన్నది, నెమ్మదైనది, గ్రంథితోపాటే బయటికొచ్చేసింది. "ఈయన ఎన్నాళ్ళుంటారన్నది మొదటిదాన్ని బట్టి ఉంటుందండీ. మనం కాపు కాయాల్సింది దానికి. రెండోదాన్ని అప్పుడప్పుడూ రక్తపరీక్షతో చూసుకుంటే చాలు" అన్నారు.

"అంటే రెండోది మా చిన్న తమ్ముడిలాంటిదన్నమాట" అన్నారు మాస్టారు. "ఇంట్లోనే ఉంటాడు, తిండి తింటాడు, ఏ పనీ చెయ్యడు." ఆ గదిలో అన్నాళ్ళకి మొదటిసారి మేం నవ్వాం.

బందరులో మాత్రం ఆయన్ని బతికుండగానే పైకి పంపించేశారు. షాపు ఎవరికిస్తారు అని అడిగినవాళ్ళున్నారు. ఆయన మళ్ళీ వచ్చి మెషీను ముందు కూర్చుంటే, ఇచ్చిన గుడ్డలు వెనక్కి తీసుకెళ్ళినవాళ్ళు సందు మార్చి నడిచారు.

బతికారు గానీ సిగ్గు వదల్లేదు. సంచి ఖాళీ చేసుకునేటప్పుడు ఖాలాని కూడా రానిచ్చేవారు కాదు. ఎవరైనా షాపులోకి వస్తే ముందు తన ఒళ్ళు తానే వాసన చూసుకునేవారు. అత్తరు ఎంత పట్టించేవారంటే సందు మొదట్లోకే తెలిసేది. మసీదుకి మళ్ళీ వెళ్ళారు, కానీ మొదటి వరుసకి కాదు. చివరి వరుసలో, తలుపు పక్కన. ఒక శుక్రవారం నేను పక్కనే ఉన్నాను. సజ్దాలో నుదురు నేలకి ఆనించి వంగినప్పుడు ఆసుపత్రివాళ్ళిచ్చిన బెల్టు జారి సంచి మీద బరువు పడింది. చాప తడిసింది. నమాజయ్యాక అందరూ లేచి వెళ్ళినా ఆయన లేవలేదు. "నువ్వెళ్ళు" అన్నారు నాతో. నేను వెళ్ళలేదు. మసీదు ఖాళీ అయ్యాక ఆ చాప తీసుకెళ్ళి పంపు కింద ఆయనే రుద్ది రుద్ది కడిగారు. నేను నీళ్ళు పోస్తానంటే చెంబు ఇవ్వలేదు.

పైవారం వరుసకి ఒక మనిషంత ఎడంగా నిలబడ్డారు. నమాజు మొదలుపెట్టే ముందు ఇమామ్ గారు వెనక్కి తిరిగి, సందులుంచకండి, భుజానికి భుజం కలపండి అని చెప్పడం మామూలే. ఆ మాటకి వరుసంతా ఆయన వైపు జరిగింది. ఆయన ఇంకో అడుగు పక్కకి వేశారు. వరుస మళ్ళీ జరిగింది. ఆయన మళ్ళీ తప్పుకున్నారు. చివరికి గోడ అడ్డొచ్చింది. గోడే లేకపోతే కోనేరు సెంటర్ దాకా పోయేవారే. గోడకీ పక్కవాడికీ మధ్య ఇరుక్కుని, మొహమంతా ఎర్రబడి, చేతులెత్తి నమాజు మొదలుపెట్టారు.

ఆ సాయంత్రమే పాత పైజమా ఒకటి విప్పదీసి ముందేసుకున్నారు. కుడివైపు నడుం దగ్గర లోపల ఒక జేబు. సంచి బరువు బెల్టు మీద కాకుండా జేబు మీద పడేటట్టు, వంగినా నొక్కుకోకుండా పక్కకి ఒరిగేటట్టు, సంచి అడుగున ఉండే కుళాయి తిప్పుకోవడానికి వీలుగా. నాలుగు పైజమాలు పాడుచేశాక ఐదోది కుదిరింది. పరీక్షలకి వెళ్ళినప్పుడు ఆసుపత్రిలో నర్సమ్మ అది చూసి, ఇంకొకాయనకి కుట్టిస్తారా అని అడిగింది. అట్లా మొదలైంది.

వచ్చేవాళ్ళు ఎప్పుడూ మాటు చూసుకుని వచ్చేవారు. షేర్వానీ కుట్టించుకోవాలి అనేవారు, ప్యాంటు వదులు చేయించాలి అనేవారు. మాస్టారు తెర వెనక్కి తీసుకెళ్ళి, ముందు తన కుర్తా ఎత్తి తన సంచి చూపించేవారు. జీవితంలో ఎప్పుడూ ఒకరి కొలత ఇంకొకరికి చెప్పని మనిషి, తన సంగతి మాత్రం చెప్పడం నేర్చుకున్నారు. "నేను విప్పితే గాని వాడు విప్పడురా" అన్నారు నాతో. ప్రతిసారీ ఆయన చెవులు ఎర్రబడేవి. సిగ్గు పోలేదు, సిగ్గుపడుతూనే చూపించేవారు.

కోడూరు నుంచి ఒక పాస్టరుగారు వచ్చారు. సంచి పెట్టాక చర్చిలో వాక్యం చెప్పడం మానేశారట, ముందు బెంచీలవాళ్ళకి వాసనొస్తుందేమోనని. "నేను గోడ దాకా పోయి వెనక్కొచ్చానండీ. మీరు కూడా రండి" అన్నారు మాస్టారు. నందివాడ నుంచి ఒక రైతు వచ్చాడు. ఆయనకీ రెండూ ఉన్నాయి. రెండన్నారని మందులన్నీ మానేసి ఇంట్లో పడుకున్నాడు. "నాకూ రెండేనండీ" అన్నారు మాస్టారు. "మీ రెండిట్లో పనిచేసేది ఏదో, ఊరికే కూర్చున్నది ఏదో డాక్టర్ని అడిగారా?" అడగలేదన్నాడు. పెద్దబ్బాయిని తోడిచ్చి మళ్ళీ బెజవాడ పంపించారు. అందరికీ కలిసిరాలేదు. ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒకాయన కొలతలిచ్చి వెళ్ళాడు, పైజమాలు తీసుకెళ్ళడానికి రాలేదు. మాస్టారు అవి చాలాకాలం అరలోంచి తియ్యనివ్వలేదు.

ఈ ఏడాది మొదట్లో మొదటి జబ్బే ఎముకల్లో తేలింది. డాక్టరుగారు చెప్పినట్టే, రెండోది చివరిదాకా ఊరికే కూర్చుంది. నేను చూడ్డానికి వెళ్తే ఖాలాని టీ పెట్టమని పంపేసి నా చెయ్యి పట్టుకున్నారు.

"చావుకేం భయం లేదురా. స్నానానికే భయం."

నాకు ముందు అర్థం కాలేదు.

"ఎవడో కొత్తవాడొచ్చి కడుగుతాడు. వాడి చేతికి ఆ కన్నం తగులుతుంది. బయటికెళ్ళి చెప్పుకుంటాడు. నువ్వు చెయ్యి. నీకు టేపు చూడ్డం నేర్పాను కదా."

అట్లాగే మాస్టారూ అన్నాను. అన్నానే గాని, తిరుగు బస్సులో వేరే ఎవరైనా చేస్తే బాగుండును అనుకున్నాను. అప్పటిదాకా నేను ఎవరికీ చేయించలేదు, మా నాన్నకి కూడా.

ఫోను వచ్చిన ఆ రోజు నేను వెళ్ళేసరికి ఇంటి వెనక పెరట్లో రెండు దుప్పట్లు అడ్డంగా కట్టి ఉంచారు. లోపల నేనూ, ఇద్దరు కొడుకులూ, నీళ్ళు అందించడానికి ఇమామ్ గారూ. బొడ్డు నుంచి మోకాళ్ళ దాకా గుడ్డ కప్పే ఉంటుంది. చేతికి గుడ్డ తొడుక్కుని, చూడకుండా, ఆ కింద కడగాలి. కడిగినవాడు అక్కడ తెలిసింది ఎవరికీ చెప్పకూడదు. అందుకని ఆ గుడ్డ కింద సంగతి మీకు చెప్పను. నా సంగతి చెప్తాను. మొదటి చెంబు పోయగానే, ఆ నీళ్ళు ఆయన ఒంటి మీంచి జారి నేల మీద నా వైపుకి పారుతుంటే, నేను కాలు వెనక్కి తీసుకున్నాను. ఎవరూ చూడలేదు. నేను చూసుకున్నాను.

తల దించుకుంటే దుప్పటి అంచు కింద నుంచి బయట నిలబడ్డవాళ్ళ కాళ్ళు కనిపించాయి. లోపలికి రాకూడదు కాబట్టి అక్కడే ఆగారు. బాగా పాలిష్ చేసిన నల్ల బూట్లు పాస్టరుగారివి. చెప్పుల్లేకుండా, మడమలు పగిలిన కాళ్ళు నందివాడ రైతువి. ఇంకా కొన్ని నాకు తెలియనివి. నీళ్ళు దుప్పటి కిందుగా వాళ్ళ దాకా వెళ్ళాయి. బూట్ల చుట్టూ తిరిగాయి, పగిలిన మడమల్ని తడిపాయి. అవి ఏ నీళ్ళో వాళ్ళందరికీ తెలుసు. ఒక్కరు కూడా కాలు తియ్యలేదు.

నేను నా కాలు మళ్ళీ ఆ నీళ్ళలోనే పెట్టి, రెండో చెంబు కోసం చెయ్యి చాపాను.